భుజం దగ్గర గీత

తెర మీద గీత లేదు.

చంటి కుర్చీ లాక్కోలేదు, చేతిలో బ్యాగ్ కూడా కింద పెట్టలేదు. నిలబడే చూసింది. నిన్న సాయంత్రం తను ఇంటికి బయల్దేరేటప్పుడు ఆ గ్రాఫులో ఒక పెద్ద కొండ, దానికి ఎడమ పక్కన అతుక్కుని చిన్న భుజం, ఆ రెంటికీ మధ్య నిలువుగా ఒక గీత ఉన్నాయి. ఇప్పుడు కొండ ఉంది, భుజమూ ఉంది. మధ్యలో గీత మాత్రం మాయం. కింద ప్యూరిటీ తొంభై మూడు ఉండాల్సిన చోట తొంభై ఏడు అని ఉంది.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

ల్యాబ్‌లో ఉన్న ఇద్దరు అనలిస్టులూ తలెత్తలేదు. ఒకామె పిపెట్ పట్టుకుని ఖాళీ సీసాలోకి తెగ శ్రద్ధగా చూస్తోంది.

"మిమ్మల్నే అడిగేది."

"మేనేజర్ గారు పొద్దున్నే వచ్చారు మేడం," అంది పిపెట్ పట్టుకున్నామె, సీసాతో చెప్తున్నట్టుగా. "మీరొచ్చాక సంతకం పెట్టమన్నారు."

చంటి అంటే పసిపిల్లేం కాదు. ముప్పై అయిదు దాటిన మనిషి, ఆ మందుల ఫ్యాక్టరీలో ప్రొటీన్లను శుద్ధి చేసే విభాగానికి పెద్ద. ఇంట్లో ఆఖరిది కాబట్టి చిన్నప్పుడు పెట్టిన ముద్దుపేరు అలాగే అంటుకుపోయింది. అక్కడి ప్లాంట్ మేనేజర్ సాక్షాత్తూ తన అక్క మొగుడు కాకపోయుంటే ఫ్యాక్టరీలో ఆ పేరు ఎవరికీ తెలిసేది కాదు. నిండు మీటింగులో, అందరూ సూట్లు వేసుకుని కూర్చున్నప్పుడు, "అదంతా మా చంటి చూసుకుంటుందిలెండి" అనేవాడు బావ. ఇన్నేళ్ళుగా ఆమె పళ్ళు కొరుక్కుని ఊరుకుంది. బావ మంచివాడు, పని నేర్పినవాడు. ఆ మాత్రం చనువు ఉండనీలే అనుకుంది.

ఇవాళ ఊరుకోబుద్ధి కాలేదు.

ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేది ఒక ఎంజైము. పుట్టుకతోనే ఒంట్లో అది తయారుకాని పిల్లలు కొందరుంటారు. వాళ్ళకి ఈ మందు క్రమం తప్పకుండా నరంలోకి ఎక్కించాలి. లేకపోతే పొట్ట ఉబ్బుతుంది, ఎముకలు పట్టు తప్పుతాయి, పరిగెత్తే పిల్ల మెల్లగా మంచానికి చేరుతుంది. పెద్ద పెద్ద ట్యాంకుల్లో పెంచే కణాలు ఆ ఎంజైమును తయారుచేస్తాయి. అయితే అదొక్కటే కాదు, దాంతోపాటు అక్కర్లేని ప్రొటీన్లు సవాలక్ష చేస్తాయి. ఆ గుంపులోంచి కావాల్సినదాన్ని విడదీయడం చంటి పని.

విడదీసేది కాలమ్‌లో. మనిషంత ఎత్తు గాజు గొట్టం అది, నిండా తడి ఇసుకలా రెజిన్ పూసలు. పైనుంచి ద్రవాన్ని పంపితే ప్రొటీన్లు ఆ పూసలను పట్టుకుంటాయి. ఆ తర్వాత ఉప్పునీటిని కొద్దికొద్దిగా చిక్కబరుస్తూ వదిలితే పట్టు తక్కువున్నవి ముందు, పట్టు ఎక్కువున్నవి వెనక, ఒకదాని తర్వాత ఒకటి జారి కింద వరసగా పెట్టిన సీసాల్లోకి దిగుతాయి. ఏ సీసాలు ఉంచుకోవాలి, ఏవి వదిలేయాలి అన్నదగ్గరే వస్తుంది తంటా అంతా. నడిమి సీసాల్లో ఎంజైము తేటగా ఉంటుంది. చివర్లో వచ్చే తోక సీసాల్లో ఎంజైముతోపాటు ముద్దలుంటాయి. అంటే నాలుగైదు ఎంజైములు ఒకదానికొకటి చుట్టుకుపోయి ఎందుకూ పనికిరాకుండా పోయినవి. ఊరికే పనికిరాకుండా ఉంటే గొడవే లేదు. ఆ ముద్దల్ని చూసి పిల్లల ఒళ్ళు మందునే శత్రువనుకుంటుంది, ఎదురుతిరగడం నేర్చుకుంటుంది. ఒకసారి నేర్చుకుందంటే తర్వాత ఎంత మంచి మందు ఇచ్చినా లాభం ఉండదు.

ఈసారి కాలమ్‌లోకి పంపిన ద్రవంలో ఎంజైము నలభై గ్రాములుంది. నడిమి సీసాలు మాత్రం కలుపుకుంటే ఇరవై ఆరు గ్రాములు చేతికొస్తుంది. నలభైకి ఇరవై ఆరు అంటే ఈల్డు అరవై అయిదు శాతం. అందులో ముద్దలు లేనట్టే, ప్యూరిటీ తొంభై ఎనిమిది. తోక సీసాలు కూడా కలిపితే ఇంకో ఎనిమిది గ్రాములొచ్చి ఈల్డు ఎనభై అయిదుకి ఎగబాకుతుంది. ప్యూరిటీ తొంభై మూడుకి పడిపోతుంది. తొంభై అయిదు కంటే తగ్గితే మందు గేటు దాటకూడదు. అది ఆ ఫ్యాక్టరీ అందరికీ ఇచ్చిన మాట.

చేతికొచ్చినదాన్లో ముద్దలెన్నో చూడ్డానికి ఇంకో చిన్న మెషిన్ ఉంది. అది గీసే గ్రాఫులో ముద్దలు భుజంలా ముందు వస్తాయి, ఎంజైము కొండలా వెనక వస్తుంది. మధ్యలో గీత గీసి, అటుదెంత ఇటుదెంత అని లెక్కకట్టాలి. గీత చెరిపేస్తే భుజం కూడా కొండలో కలిసిపోతుంది. ముద్దలన్నీ మందు అయిపోతాయి.

అలా అయిపోయాయి, తెల్లారేసరికి.

బావ గదికి గాజు తలుపు. చంటి తోసుకుని వెళ్ళి, వెనక్కి వేసేసింది.

"గీత ఎందుకు తీసేశారు సార్?"

బావ చేతిలో కాఫీ కప్పు నోటిదాకా వెళ్ళి ఆగింది. తలుపు వేసి ఉన్నప్పుడు ఆమె ఎప్పుడూ 'బావా' అనేది, 'నువ్వు' అనేది. సార్ అందంటే కొంప మునిగిందనే.

"ముందు కూర్చో."

"కూర్చోడానికి రాలేదు."

"అది భుజం కాదు చంటీ. ఆ మెషిన్ పాతబడింది, గ్రాఫ్ సాగి అలా కనిపిస్తోంది, అంతే."

"మెషిన్ పాతబడితే కుడివైపు సాగుతుంది. ఎడమవైపు లేచేవి ముద్దలు. ఈ పాఠం నాకు చెప్పింది మీరే."

బావ కప్పు కింద పెట్టాడు. నవ్వబోయి మానేశాడు. "సరే. ముద్దలే అనుకో. ఆ తోకలో ఎనిమిది గ్రాములుంది. ఎంతమంది పిల్లలకి వస్తుందో తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసీ సింకులో పొయ్యమంటావా?"

"పొయ్యమని ఎవరన్నారు? తోకని మళ్ళీ కాలమ్ ఎక్కిద్దాం, కొంత పోయినా మంచిది మిగులుతుంది అన్నాను. వద్దన్నది మీరు."

"వారం పడుతుంది! సోమవారం బండి కదలకపోతే డైరెక్టర్ నా తోలు ఒలుస్తాడు. అక్కడ పిల్లలు సూదులు పెట్టుకుని కూర్చున్నారు. నీకేం, నువ్వు లోపల గాజుగొట్టం చూసుకుంటూ ఉంటావు."

"అయితే తొంభై మూడు అని రాయండి." చంటి గొంతు లేచింది. "తొంభై మూడే వచ్చింది, మందు కొరతగా ఉంది, ఇద్దామా వద్దా అని క్వాలిటీ వాళ్ళని అడగండి. డాక్టర్లని అడగండి. వాళ్ళు సరేనంటే నేనూ సంతకం పెడతాను. తొంభై మూడంటే నాకు భయం లేదు సార్. దాన్ని తొంభై ఏడు చేశారే, దానికి నా ఒళ్ళు మండుతోంది."

"అడిగితే వద్దంటారు."

"అందుకని అడగరా?"

బావ కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. "నువ్వు పెట్టకపోతే ఇంకెవరైనా పెడతారు. ఊరికే ఇంట్లో గొడవ తప్ప ఏం లాభం?"

ఇల్లు ఇక్కడికి ఎందుకొచ్చిందో ఆమెకి అర్థం కాలేదు. కాసేపటికి అర్థమయ్యాక ఇంకా మండింది.

"పెట్టించుకోండి. రేపు పొద్దున నేను క్వాలిటీ మేడంతో మాట్లాడతాను. మీ వెనకాల కాదు, ముందే చెప్తున్నాను."

గాజు తలుపు కాబట్టి విసిరి కొట్టడానికి లేదు. మెల్లగా వేసుకుని బయటికొచ్చింది.

అక్కా బావా ఉండేది కింది వాటాలో, చంటి ఉండేది పై వాటాలో. పొయ్యి మాత్రం కిందనే. రోజూ సాయంత్రం ఆమె మెట్లు దిగి వెళ్ళేది, ముగ్గురూ కలిసి తినేవారు. ఆ సాయంత్రం ఆమె దిగకముందే అక్క ఎక్కి వచ్చింది. చేతిలో గరిటె అలాగే ఉంది. పొయ్యి దగ్గర్నుంచి సరాసరి వచ్చేసింది.

అక్క బడిలో లెక్కల టీచరు. గొంతు పెంచకుండా యాభైమందిని కూర్చోబెట్టగలదు.

"ఏంటే, ఆయన మీద కంప్లయింట్ ఇస్తున్నావంట?"

"కంప్లయింట్ కాదక్కా. జరిగింది చెప్తానన్నాను."

"తొంభై మూడుకీ తొంభై ఏడుకీ తేడా ఎంత? నాలుగు. ఆ నాలుక్కోసం నా మొగుణ్ణి దొంగని చేస్తావా?"

"దొంగ అనలేదు. తప్పు రాశాడన్నాను. నీ క్లాసులో ఒక పిల్ల తన పేపర్ తనే దిద్దుకుని మార్కులు వేసుకుంటే ఊరుకుంటావా?"

"పిల్లతో పోలుస్తావేంటే ఆయన్ని! నువ్వు ఉద్యోగంలో చేరిన కొత్తలో రోజూ ఏడుస్తూ వచ్చేదానివి, గుర్తుందా? పక్కన కూర్చుని ఒక్కో మెషినూ నేర్పింది ఎవరు? అమ్మ పోయినప్పుడు నిన్ను ఇంటికి తెచ్చుకుందాం అన్నది ఎవరు? నేను కాదు. ఆయనే."

ఈ మాట వస్తుందని చంటికి పొద్దుటి నుంచీ తెలుసు. తెలిసినా సూటిగా వచ్చి తగిలింది.

"అవన్నీ నిజమే. అందుకే నాకు ఇంత కోపంగా ఉంది. ఇంకెవరన్నా ఈ పని చేసుంటే ఇంత ఉండేది కాదు."

"ఆయన ఉద్యోగం పోతే?"

"నాకు తెలీదక్కా."

"తెలీదు," అంది అక్క. "అంత చదువు చదివావు, ఇది మాత్రం తెలీదు." గరిటెని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "రేపట్నించి కిందికి రాకు. నీ వంట నువ్వు చేసుకో."

మెట్లమీద అక్క అడుగులు వినిపించినంతసేపూ చంటి తలుపు దగ్గరే నిలబడింది. ఏడుపు రాలేదు. వంటగదిలోకి వెళ్ళి చూస్తే ఒక గిన్నె, టీ పొడి తప్ప ఏమీ లేవు. ఇన్నేళ్ళుగా వండుకునే అవసరమే రాలేదు మరి. టీ పెట్టుకుంది, అది పొంగి పొయ్యంతా పాడయింది. పొయ్యిని తిట్టింది, టీ పొడిని తిట్టింది, ఆ తర్వాత బావని నోరారా తిట్టింది.

క్వాలిటీ మేడం సన్నగా, గీత గీసినట్టు ఉండే మనిషి. ఆమె నవ్వగా చూసినవాళ్ళు ఫ్యాక్టరీలో ఎవరూ లేరు. చంటి చెప్పిందంతా విని, ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

"నా చెవిలో చెప్తే ఏం లాభమమ్మా? పదకొండింటికి డైరెక్టర్ గదిలో మీటింగుంది. అందరి ముందూ చెప్పు."

"చెప్తాను."

"మీ బావగారు కూడా ఉంటారు."

"తెలుసు మేడం."

డైరెక్టర్ గదిలో పొడుగాటి బల్ల, గోడకి పెద్ద తెర. డైరెక్టర్ మాట మెత్తన. ఎదుటివాళ్ళ మెడ కోస్తున్నప్పుడు కూడా అంతే మెత్తగా ఉంటుందని ప్రతీతి. చంటి చెప్తున్నంతసేపూ వేళ్ళతో బల్ల మీద తాళం వేస్తూ కూర్చున్నాడు.

"మంచిదేనమ్మా, నీ జాగ్రత్త నాకు అర్థమైంది. కానీ నాలుగు శాతమే కదా. ఏ మెషిన్లో అయినా కొలతకీ కొలతకీ ఆ మాత్రం తేడా ఉండదా?"

"ఈ మెషిన్లో అర శాతం కూడా ఉండదు సార్," అంది చంటి.

"ఆ గ్రాఫ్ తెరిపించండి," అంది క్వాలిటీ మేడం.

గోడ మీద కొండ లేచింది. దాని పక్కన భుజం. అంత పెద్ద తెర మీద ఆ భుజాన్ని చూడకుండా ఉండటం కళ్ళున్నవాళ్ళ వల్ల కాదు. మేడం మౌస్ పట్టుకుని, రెంటికీ మధ్య పల్లంలో గీత దించింది. కింద అంకె ఒక్కసారిగా మారింది. తొంభై మూడు.



డైరెక్టర్ తాళం ఆపాడు. బావ వైపు తిరిగి, "ఏంటయ్యా ఇది?" అన్నాడు, పిల్లి అడుగంత మెత్తగా. "నాకు ఒక్క మాట చెప్పకుండా ఇంత పని చేస్తావా? నీ మీద ఎంత నమ్మకం పెట్టుకున్నాను నేను!"

బావ బల్ల మీద తన చేతుల్ని తనే చూసుకుంటున్నాడు. చెవులు ఎర్రబడిపోయాయి. ఆయన అలా కూర్చోవడం చంటి ఎప్పుడూ చూడలేదు. మీటింగు అయిపోతే ఆమె అనుకున్నది జరిగినట్టే. నోరు మూసుకుని లేచి రావాల్సింది. కానీ ఆ 'నమ్మకం' అనే మాట వినగానే ఆమెలో నిన్నటి నుంచీ ఉడుకుతున్నది ఇంకో వైపు పొంగింది.

"ఆగండి సార్. రెజిన్ చచ్చిపోయింది, కొత్తది తెప్పించండి అని ఆయన మిమ్మల్ని ఎన్నిసార్లు అడిగారు?"

"అది వేరే విషయం."

"అదే విషయం! రెజిన్ బాగున్నప్పుడు మాకు ఈ తోక ఉండేదే కాదు. పూసలకి పట్టు పోయింది, అందుకే కొండ సాగి ముద్దలతో కలిసిపోతోంది. ఇంకో ఏడాది నడిపించండి అన్నది మీరు. చచ్చిన రెజిన్‌తో ఎనభై అయిదు ఈల్డు కావాలన్నదీ మీరే. ప్యూరిటీ తొంభై అయిదు దాటాలన్నదీ మీరే. ఆ కాలమ్‌లో ఆ రెండూ ఒకేసారి రావు సార్, కాగితం మీద తప్ప. మీరడిగింది కాగితమే. ఆయన కాగితం ఇచ్చారు."

"గొంతు కొంచెం తగ్గించమ్మా."

"తగ్గించను."

అప్పుడు బావ నోరు తెరిచాడు. "ఆమె చెప్పేది నిజమే," అన్నాడు. మొదట నెమ్మదిగానే మొదలుపెట్టాడు. "అడిగాను. ఈ గదిలోనే అడిగాను. 'నువ్వు ఎలాగోలా లాక్కొస్తావులే' అన్నారు మీరు. ఎలా లాక్కొస్తున్నానని ఒక్కరోజైనా అడిగారా? అంకె చూసి భుజం తట్టారు. నిన్న గీత తీసేసింది నేనే, ఎవరూ చేయించలేదు, తప్పు నాదే. కానీ నాకేమీ తెలీదు అని మాత్రం అనకండి. ఆ ఒక్క మాట అనకండి!" చివరికొచ్చేసరికి ఆయన లేచి నిలబడి అరుస్తున్నాడు. కళ్ళజోడు జారి బల్ల మీద పడింది.

క్వాలిటీ మేడం మౌస్ పక్కన పెట్టింది. "ఈ మందు ఆపుతున్నాను," అంది. "తోక సీసాలు వేరుచేసి మళ్ళీ కాలమ్ ఎక్కించండి. రెజిన్ సంగతి నేను పైవాళ్ళకి రాస్తాను. ఇక ముందు మేనేజర్ గారు గ్రాఫులు ముట్టుకోకూడదు."

డైరెక్టర్ మళ్ళీ తాళం మొదలుపెట్టాడు. ఆయనకి ఏమీ కాలేదు. ఆ తర్వాత కూడా ఏమీ కాలేదు. చంటికి ఆ కోపం మాత్రం తగ్గలేదు, తగ్గించుకోవాలని ఆమె అనుకోనూ లేదు.

మందు ఆగిందన్న కబురు ఆసుపత్రులకి చేరింది. మర్నాడు మధ్యాహ్నం గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. ఎవరో పెద్దాయన గొడవ చేస్తున్నాడు, మందు తయారుచేసేవాళ్ళనే పిలవమంటున్నాడు అని.

చంటి వెళ్ళింది. ఆయన బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి అలాగే వచ్చినట్టున్నాడు, ఖాకీ చొక్కా వీపున చెమటతో అతుక్కుపోయి ఉంది. పెద్దాయన కూడా కాదు, చంటి కంటే రెండు మూడేళ్ళు పెద్దేమో. మొహం అలా అయిపోయింది అంతే.

"మీరేనా మందు ఆపింది?"

"నేనే అనుకోండి."

"మా పాపకి వచ్చే వారం ఎక్కించాలి. నిన్న ఆసుపత్రికి వెళ్తే మందు రాదన్నారు. ఎందుకు రాదంటే 'సాంకేతిక కారణాలు' అన్నారు. అంటే ఏంటండీ? కరెంటు పోయిందా? యంత్రం చెడిపోయిందా? బస్సు ఆగిపోతే నేను దిగి ప్రయాణికులకి చెప్తాను, ఫలానాది విరిగింది, ఇంత సేపు పడుతుంది అని. మీకు అది కూడా చేతకాదా?"

చెప్పకూడదని పైనుంచి గట్టి మాట ఉంది. చంటి చెప్పేసింది. తోక గురించి, ముద్దల గురించి, గీత గురించి. ఎవరు తీసేశారో పేరు మాత్రం ఎత్తలేదు.

ఆయన చాలాసేపు విన్నాడు. "ఆ ముద్దలున్న మందు ఇస్తే పాపకి ఏమయ్యేది?"

"ఏమీ కాకపోవచ్చు. చాలామందికి ఏమీ కాదు. కొందరికి ఒళ్ళు ఎదురుతిరుగుతుంది. అలా జరిగితే ఇక ఈ మందు ఎప్పటికీ పనిచేయదు."

"మరి ఇవ్వకపోతే?"

"ఒక డోసు తప్పితే నొప్పులుంటాయి. నీరసం ఉంటుంది. మళ్ళీ ఇస్తే కోలుకుంటుంది."

"నొప్పులుంటాయి," అన్నాడు ఆయన. "మీరు చూశారా ఎప్పుడైనా, ఎముకల నొప్పులంటే ఏంటో?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఒకడేమో దాచిపెట్టి ఇచ్చేద్దామనుకున్నాడు. మీరేమో ఆపేశారు. ఇద్దరూ గొప్పవాళ్ళే. మీ ఇద్దర్లో ఒక్కరికైనా నన్ను అడగాలనిపించిందా? నా కూతురండీ అది! ఇదిగో ఇంత ముద్దలున్నాయి, ఇదీ ప్రమాదం, ఇప్పుడు తీసుకుంటావా, ఆగుతావా అని నన్ను అడిగితే మీ సొమ్మేం పోయింది? నేనేమీ చదువుకోనివాణ్ణి కాదు. చదువుకోకపోయినా అడగాలి!"

చంటికి గుర్తొచ్చింది, తనే కదా బావతో అన్నది, క్వాలిటీని అడగండి, డాక్టర్లని అడగండి అని. ఈ మనిషి ఆ వరసలో ఎక్కడా లేడు.

"అడగాల్సింది," అంది చివరికి.

"అడగాల్సింది!" అని ఆయన ఆ మాటని ఉమ్మినట్టు అని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. వాచ్‌మన్ గేటు వేస్తూ, "వదిలేయండి మేడం, ఆవేశంలో ఉన్నాడు" అన్నాడు. చంటి అతన్ని కూడా కసిరింది.

కాలమ్ గదిలోకి వెళ్ళేసరికి బావ అక్కడున్నాడు. తలకి టోపీ, కాళ్ళకి తొడుగులు, నీలం గౌను. గ్రాఫుల జోలికి పోవద్దన్నారు గానీ కాలమ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. పూసలు ఒక పక్కకి కుంగిపోయాయి. వాటిని తీసి మళ్ళీ ఎక్కడా సందు లేకుండా నింపాలి. ఆ పనిలో ఆయన చెయ్యి తిరిగినంతగా అక్కడ ఇంకెవరికీ తిరగలేదు.

ఇద్దరి మాటలూ పొడి పొడిగా, "వాల్వు" "కొంచెం తిప్పు" "చాలు" అంతే. మర్నాడంతా అదే. రెజిన్ నింపి, కడిగి, తోక సీసాల్లోని ద్రవాన్ని పలచన చేసి ఎక్కించారు. ఉప్పునీటిని ఎప్పటికంటే బాగా మెల్లగా చిక్కబరుస్తూ వదిలారు. తెర మీద చిన్న కొండ లేచి, దిగడం మొదలుపెట్టింది. కింద సీసాలు ఒక్కొక్కటే నిండుతున్నాయి.

"ఇక్కడ ఆపు," అన్నాడు బావ.

"ఇంకొక్కటి."

"వద్దు. చూడు, మళ్ళీ లేస్తోంది. ముద్దలు మొదలయ్యాయి."

"ఇంకొక్క సీసా బావా. అందులో అర గ్రాము ఉంటుంది. ప్యూరిటీ తట్టుకుంటుంది."

"తట్టుకోదు. ఆ సీసా కలిపితే మళ్ళీ మొన్న మనిద్దరం కొట్టుకున్న చోటికే వస్తాం."

"మందు చాలదు! ఎంతమందికి తక్కువ పడుతుందో తెలుసా?"

అనేశాక ఆమెకి తన గొంతు తనకే వినిపించింది. బావ నవ్వలేదు, ఎత్తిపొడవలేదు. చెయ్యి చాపి వాల్వు తిప్పేశాడు. మిగతా ద్రవం వ్యర్థాల డబ్బాలోకి వెళ్ళింది. చంటి గోడకి ఆనుకుని ఆ చప్పుడు వింటూ నిలబడింది.

తోకలోంచి అయిదు గ్రాములు తేలింది, మూడు పోయింది. నడిమి సీసాల ఇరవై ఆరుతో కలిపితే ముప్పై ఒకటి. చిన్న మెషిన్ మీద ప్యూరిటీ తొంభై ఏడున్నర వచ్చింది. క్వాలిటీ మేడం గీత తన చేత్తోనే గీసింది. ఈల్డు డెబ్భై ఏడున్నర. మంచి అంకెలే. కానీ మందు వారం ఆలస్యంగా వెళ్ళింది. పైగా మూడు గ్రాములు తక్కువ కావడంతో కొందరు పిల్లలకి ఈ విడత దక్కదు. ఎవరెవరికి తప్పించాలో డాక్టర్లు కూర్చుని తేల్చారు.

కొత్త రెజిన్‌కి ఆర్డర్ వెళ్ళింది. బావ మేనేజర్ పదవి తీసేశారు, ఉద్యోగం ఉంచారు. ఇంట్లో అక్క ఒకసారి పైకొచ్చింది. గుమ్మం దాటలేదు.

"నిజంగా గీత ఆయనే తీసేశాడా?"

"అవునక్కా."

"నాతో మెషిన్ చెడిపోయిందన్నాడు."

అక్క గోడకేసి చూసి, దిగి వెళ్ళిపోయింది. భోజనానికి రమ్మనలేదు. చంటి తన వంట తనే చేసుకుంటోంది, చాలా ఘోరంగా.

డోసు దక్కని కుటుంబాలకి ఫ్యాక్టరీ తరఫున మళ్ళీ అదే 'సాంకేతిక కారణాల వల్ల' అన్న మెసేజ్ తయారైంది. అది చూసి చంటి డైరెక్టర్ గదిలోకి వెళ్ళింది. లోపల ఏమన్నదో బయటికి సగమే వినిపించింది, ఆ సగం చాలు. బయటికొచ్చి, క్వాలిటీ మేడం దగ్గర అన్ని కుటుంబాల ఫోన్ నంబర్లూ తీసుకుంది. "నేను ఇవ్వడం ఎవరూ చూడలేదు కదా," అంది మేడం. ఆమె మొహంలో నవ్వులాంటిది ఏదో కనిపించినట్టయింది గానీ, చంటికి నమ్మకం లేదు.

ఖాళీగా ఉన్న మీటింగు గదిలో కూర్చుని మొదటి నంబరు తిప్పింది. ఆ బస్సు డ్రైవరు ఎత్తాడు. వాళ్ళ పాపకి ఈ విడత దక్కింది, కానీ అది చెప్పడానికి కూడా ఎవరో ఒకరు ఫోన్ చెయ్యాలి కదా అనుకుంది. ఆయన విని, "సరే" అని పెట్టేశాడు. రెండోది ఒక తల్లి. వాళ్ళ బాబుకి దక్కలేదు. ముద్దల సంగతి చంటి దాచకుండా చెప్పింది. ఆ తల్లి తిట్టిన తిట్లు ఆమె జన్మలో ఎవరి నోటా వినలేదు. చెవి కందిపోయేదాకా విన్నది.

మూడో నంబరు తిప్పబోతుంటే తలుపు తెరుచుకుంది. బావ వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

"సగం ఇటివ్వు."

"నువ్వెందుకు? ఆ గీత నువ్వే తీశావని చెప్పాల్సొస్తుంది."

"చెప్తాను."

"తిడతారు బావా."

"తిట్టనీ."

ఆమె నంబర్లున్న కాగితం మధ్యకి చింపి, కింది ముక్క ఆయన వైపు తోసింది. ఆయనని క్షమించలేదు, ఆయన అడగనూ లేదు. ఆయన ఫోన్ తీసి, గొంతు సవరించుకుని, తను ఎవరో, ఏం చేశాడో ఒక్క ముక్క మింగకుండా చెప్పాడు. అవతల ఎవరో మగమనిషి అరవడం బల్ల ఇవతల ఉన్న చంటికి కూడా వినిపిస్తోంది. బావ ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు, పెట్టేయలేదు. "అవునండీ," అంటున్నాడు. "అవునండీ. నేనే."

చంటి తన మూడో నంబరు తిప్పింది.